పశువుల పాకలో రోడ్ రోలర్

ఆ మధ్యాహ్నం పెట్టెలోంచి ఊడిపడిన ముప్పై తొమ్మిదో నక్షత్రానికి కూడా కొమ్ములు లేవు. ఆరు పక్కలు, ఆరు మూలలు, తేనెపట్టులో గదిలా బుద్ధిగా ఉంది. సలోమి దాన్ని పటకారుతో తీసి, అంచున అంటిన మసిని వెనిగర్ గుడ్డతో తుడిచి, మిగతా ముప్పై ఎనిమిదింటి మీద పడేసింది.

"దీన్ని చూసి నక్షత్రం అనుకోవాలంటే ఆ జ్ఞానులకి ఎంత జ్ఞానం ఉండాలో," అని గొణుక్కుంది.

"గొణుగుడు ఆదేశంగా గుర్తించబడలేదు. మళ్ళీ చెప్పండి," అంది పెట్టె.

"నీకు కాదు."

"ఎవరికి?"

సలోమి పటకారు బల్ల మీద పెట్టేసింది. నాలుగేళ్ళుగా ఆ పెట్టెతో మాట్లాడి ఒక్కసారీ గెలవలేదు. గొంతు మాత్రం ఎంతో మర్యాదగా ఉంటుంది. ఆ మర్యాదకే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

ఆ గొంతు పేరు కూర్పరి. అది వచ్చాక ఏ పలకలోనూ చిటికెడు ముక్క మిగలడం లేదన్నది నిజమే. ఎక్కడ పెరిగిన చెట్టో చెప్పే పుట్టుక ముద్ర వేసిన సుబాబుల్ పలక పొద్దున్నే గడపలో దిగుతుంది. సాయంత్రానికి బొమ్మలూ బూడిదా కలిపి తూకం సరిపోవాలి. మూడు జిల్లాల్లో ముప్పై ఒక్క వేల ఇళ్ళలో కాంతికత్తితో చెక్క కోసే ఇంటికోత పెట్టెలున్నాయి. వాటన్నిటికీ కూర్పు ఒకటే. ఏ గీత ఏ గీత పక్కన పడుకోవాలో కూర్పరి తేలుస్తుంది. ఒక పలకలో గీత జరిగితే మిగతా అన్ని పలకల్లోనూ జరగాలి. అయిదు కొమ్ముల నక్షత్రానికి కొమ్ముకీ కొమ్ముకీ మధ్య చెక్క దండగ. ఆరు పక్కలదైతే ఒకదాన్నొకటి హత్తుకుని పడుకుంటాయి. అంచేత నక్షత్రాలకు కొమ్ములు పోయాయి. ఒంటెలకు మూపురాలు పోయాయి. గొర్రెల కాపరి చేతికర్రకు వంపు పోయింది. కిందటేడు దేవదూత రెక్కల్ని ఒంటికి మడిచేసింది. ఆ దేవదూతను పండగ బల్ల మీద నిలబెడితే చలికి దుప్పటి కప్పుకున్న వాచ్‌మన్‌లా ఉందని కాలనీ అంతా నవ్వారు. నవ్వి, ఇంటికి పట్టుకెళ్ళి, బల్ల మీద పెట్టుకున్నారు. ఇంకేం చేస్తారు? సముద్రం కాకినాడ మెయిన్ రోడ్డు దాకా వచ్చాక సగం ఊరు సామర్లకోట వైపు ఈ గట్టు కాలనీల్లోకి జరిగింది, చెక్కకు కరువొచ్చింది. ముద్ర లేని చెక్క ఇంట్లో ఉంటే ఇంటికోత అనుమతి పోతుంది. చేతి రంపాలు వార్డు ఆఫీసులో అప్పగించేసి రెండేళ్ళయింది.

ఇవాళ డిసెంబరు ఇరవై మూడు. నాలుగు గంటలకు కట్టువేళ. ఆ తర్వాత పండగ వెళ్ళేదాకా కూర్పరి కొత్త గీత తీసుకోదు. సలోమి పొద్దుటి నుంచి పెట్టె అద్దం మీద మాటిమాటికీ గడియారం చూస్తున్నది అందుకే. అద్దంలో ఓ మూల ఆమె ద్రాక్షతీగ సిద్ధంగా ఉంది. పదకొండు నెలలు కూర్చుని గీసిన తీగ అది. పలకలో ఉన్నంతసేపూ చదునుగా ఉంటుంది. కోశాక ఒక కొస పట్టుకుని ఎత్తితే లేచి, బల్ల పొడుగునా మెలికలు తిరిగి, అయిదు కొవ్వొత్తుల్ని మోస్తుంది. ఒక ఆకు వదిలిన ఖాళీయే ఇంకో ఆకు. దండగ అనే మాట ఎత్తడానికి కూర్పరికి ఎక్కడా సందు లేదు.

సలోమి లాంటి మొదటి స్థాయి కోతదారులకు ఏడాదికి ఒక మాతృక నమోదు చేసుకునే హక్కుంది. మాతృక గీతను కూర్పరి ముట్టుకోకూడదు. నమోదైన రోజు మూడు జిల్లాల్లో ప్రతి పలకలోనూ అది ఒక్కొక్కటి కోసి తీరాలి. అది బాగుందని పేరొస్తే రాజమండ్రిలో కూర్పు గదికి పిలుస్తారు. అక్కడ కూర్చునేవాళ్ళు కూర్పరికి నేర్పుతారు. ఇక్కడ కూర్చునేవాళ్ళు దానితో పడతారు. సలోమికి పడీ పడీ విసుగొచ్చింది. నలభై నాలుగేళ్ళు వచ్చాయి, ఇక తను నేర్పే వరసలోకి వెళ్ళాలి.

"ఏమే, ఆ నక్షత్రాలు అయ్యాయా?" అంటూ దీవెనమ్మ వంటింట్లోంచి వచ్చింది. సలోమికి అత్తగారు. పండగకు వండుతున్న గులాబీ పువ్వుల పిండి మోచేతుల దాకా ఉంది. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య, పిండి అంటకుండా, మడత పెట్టిన కాగితం ఒకటి పట్టుకుంది.

"అవి నక్షత్రాలైతే అయినట్టే అత్తయ్యా. ఏంటది?"

"ఆయన గీశారు. ఏం గీశారని మాత్రం నన్నడక్కు. నువ్వే చూసుకో."

కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. గుమ్మంలో, ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టి, పైడయ్య నిలబడి ఉన్నాడు.

పైడయ్యకు డెబ్భై ఏళ్ళు. ముప్పై మూడేళ్ళు రోడ్ రోలర్ నడిపి రిటైరైన మనిషి. ఆ బండి కుదుపు ఆయన చేతుల్లోనే ఉండిపోయింది, గ్లాసు పట్టుకుంటే నీళ్ళు వణుకుతాయి. దీవెనమ్మకూ ఆయనకూ కంటి ఆపరేషన్ శిబిరంలో పక్కపక్క మంచాలు పడ్డాయి. ఇద్దరికీ చెరో కంటికి కట్టు, కాబట్టి ఒకరికొకరు దారి చూపించుకుంటూ బస్సు దాకా వచ్చారు. అలా వచ్చినవాళ్ళు అక్కడితో ఆగలేదు. మే నెలలో రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు. సలోమి భర్త యేసుపాదం సముద్రంలో గాలిమరల దగ్గర పనిలో ఉంటాడు. వాళ్ళమ్మ పెళ్ళికి సెలవు పెట్టి మరీ వచ్చి సాక్షి సంతకం చేసి వెళ్ళాడు. రేపు మళ్ళీ వస్తాడు.

అందరికీ ఇష్టమైన పెళ్ళే. ఒక్క పైడయ్యే ఇంకా ఇంట్లోకి రాలేదు. ఏడు నెలలుగా "కాసిన్ని మంచినీళ్ళు తాగొచ్చామ్మా" అని అడిగి తాగుతాడు. తిన్న కంచం ఎవరూ చూడకుండా కడిగేసి బోర్లిస్తాడు. తాను లేచిన గదిలో ఫ్యాను తిరగనివ్వడు. ఆదివారం దీవెనమ్మ వెంట చర్చి దాకా వెళ్ళి, బయట చెప్పుల దగ్గర కూర్చుని, ఆమెతోనే తిరిగొస్తాడు. తెచ్చుకున్న సంచీ మంచం కింద కట్టిన ముడి కట్టినట్టే ఉంది. ఇంతమంచి మనిషిని చూసి విసుక్కోవడం ఏమిటని సలోమి తనను తనే తిట్టుకునేది. అయినా విసుగు తగ్గేది కాదు.

ఈ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఎవరు మొదలుపెట్టారో దీవెనమ్మకే సరిగా తెలియదు. ఇంట్లోకి కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి క్రిస్మస్‌కి బల్ల మీది పశువుల పాకకు ఒక బొమ్మ గీయాలి. రబ్బరు ముట్టకూడదు. గీసింది గీసినట్టు చెక్కలో కోసి పాకలో నిలబెట్టాలి. పుట్టిన పిల్లలైతే పెన్సిలు పట్టే వయసొచ్చాక గీస్తారు. యేసుపాదం అయిదేళ్ళప్పుడు గీసిన మేకకు తోక లేదు, ఇప్పటికీ లేదు. సలోమి పెళ్ళయిన ఏడు గొర్రెపిల్లను గీసింది. అది పందిలా వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళుగా ప్రతి క్రిస్మస్‌కీ బాలయేసు పక్కన సలోమి పంది నిలబడుతుంది, చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ దీవెనమ్మ ఆ పేరుతోనే పరిచయం చేస్తుంది. బల్ల మీద బొమ్మ ఉన్నవాళ్ళు ఈ ఇంటివాళ్ళు. అంతకు మించి రాతకోతలేమీ లేవు.

సలోమి కాగితం మడత విప్పింది. కింద రెండు పెద్ద సున్నాలు, ముందుది మరీ పెద్దది. పైన నాలుగు కాళ్ళ మీద ఒక కప్పు. ముందు నుంచి పైకి లేచిన గొట్టం. గీతలన్నీ అడుగడుక్కీ వణికాయి.

"ఇదేంటండీ?"

"రోడ్ రోలరమ్మా."

సలోమి కాగితం వంకా ఆయన వంకా చూసింది.

"గొర్రిలూ ఆవులూ అందరూ గీసీసినారు కదమ్మా," అన్నాడు పైడయ్య, తప్పు చేసి దొరికినట్టు. "ముగ్గురు పెద్దమనుసులు తూరుపు నించి ఒంటెలెక్కి వచ్చినారని దీవెనమ్మ సెప్పింది. అంత దూరం వచ్చినారంటే రోడ్డు ఎవలో ఒకలు ఎయ్యాల కదా. ఎవలేసినారో ఎవలూ సెప్పనేదు."

సలోమికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పాటు ఆ మనిషి మీద ఇష్టం కూడా వచ్చింది, ఏడు నెలల్లో మొదటిసారి. "లోపలికి రండి, కోసేద్దాం. పావుగంట పని," అంది. అక్కడే పొరబడింది.

కాగితాన్ని పెట్టె నోట్లో పెట్టింది. పచ్చటి వెలుగు దాని మీద ఓసారి పాకింది.

"వస్తువు గుర్తించాం. ఏనుగు," అంది కూర్పరి. "గీతలో అరవై నాలుగు వణుకులున్నాయి. సాఫు చేశాం."

అద్దం మీద బొద్దుగా, ముద్దుగా ఒక ఏనుగు ప్రత్యక్షమైంది. రోలర్ గొట్టం తొండమైంది.

"ఏనుగు కాదు. రోడ్ రోలర్."

"క్రిస్మస్ బల్ల కూర్పులో రోడ్ రోలర్ లేదు."

"ఏనుగుందా మరి?"

"లేదు. సూచనకు ధన్యవాదాలు. దగ్గరి వస్తువు, ఒంటె."

ఏనుగు కరిగి ఒంటె అయింది. మూపురం లేదు కాబట్టి గాడిద అయింది. సలోమి తిరస్కరించు అన్న గుర్తు మీద గట్టిగా నొక్కింది. పెట్టె నోట్లోంచి కాగితం లాగి, ఒక్కో గీతనూ అద్దం మీద తన వేలితో తానే పెట్టి, వస్తువు పేరు దగ్గర రోడ్ రోలర్ అని అక్షరం అక్షరం కొట్టింది. అరగంట పట్టింది. వణుకుల్ని వదలకుండా పెట్టడానికి ఆమె కూడా చెయ్యి వణికించాల్సి వచ్చింది.

"ప్రత్యేక వస్తువు స్వీకరించాం," అంది కూర్పరి. సలోమి ఊపిరి పీల్చుకుంది. "చక్రాలు గుండ్రంగా లేవు. సాఫు చేశాం."

చక్రాలకు ఆరు పక్కలు, ఆరు మూలలు వచ్చాయి.

పైడయ్య వంగి, ఆపరేషన్ అయిన కంటితో ఒకసారి, కానిదాంతో ఒకసారి చూశాడు. "ఇది నడిస్తే రోడ్డు అవదమ్మా. మెట్లవుతాయి," అన్నాడు నెమ్మదిగా.

సలోమి రెండోసారి తిరస్కరించింది. అద్దం అంచు ఎర్రబడింది. ఆమె వార్డు పర్యవేక్షకుడు మస్తాన్‌కి ఫోన్ చేసింది. మస్తాన్ మంచివాడే, కాని ఆయన చేతిలో ఏమీ ఉండదు. ఆ మాట ఆయనే రోజుకి వందసార్లు చెబుతాడు.

"చూస్తున్నానండి, చూస్తున్నాను," అన్నాడు మస్తాన్. "రెండు తిరస్కారాలయ్యాయి కదండీ. మూడోది కొడితే మీ పెట్టె పండగ వెళ్ళేదాకా పడుకుంటుంది. జాగ్రత్త."

"నేను అడిగింది అది కాదండీ. గీత గీసినట్టు కొయ్యమంటున్నాను. అంతేగా?"

"వణుకు దోషం కిందికి వస్తుందండి. దోషాన్ని దిద్దకుండా వదలడానికి దానికి వీల్లేదు. ఒక్క పని చెయ్యండి, ఆ మొదటి ఏనుగునే ప్రత్యేక వస్తువని కొట్టి ఒప్పేసుకోండి. ముచ్చటగా ఉంది కదా?"

"మా మామగారు ఏనుగు గీయలేదండీ!"

ఆ మాట కోపంలో వచ్చేసింది. వంటింట్లో మూకుడు దగ్గర చప్పుడు కాసేపు ఆగింది. పైడయ్య కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"నా చేతిలో ఏముందండీ," అన్నాడు మస్తాన్. "మాతృక అయితే తప్ప అది ముట్టుకోకుండా ఉండదు. మీ మాతృక ఎలాగూ ఆ తీగకే కదా. అన్నట్టు అది అదిరిపోయిందండి, రాజమండ్రి వాళ్ళు కూడా చూశారట. నాలుగు దాటనివ్వకండి."

ఫోన్ పెట్టేసేసరికి మూడుంబావు. సలోమి రెండు చేతులతో తల పట్టుకుంది. ఒక గొర్రెను పందిని చేసినా అప్పట్లో ఎవరూ ఏమీ అనలేదు. చెక్కా రంపమూ నోరు మూసుకుని చెప్పిన పని చేశాయి. ఇప్పుడు మూడు జిల్లాల మెదడు ఒక ముసలాయన గీసిన రెండు సున్నాల్ని అర్థం చేసుకోలేక చస్తోంది.

"అమ్మా," అన్నాడు పైడయ్య. "అది దిద్దిందే బాగుంది. నా సెయ్యి అలాటిది, దాని తప్పేటుంది? ఏనుగునే కోసీండి. నాకేటీ అనిపించదు. నాను నాలుగున్నర బస్సుకి తునెల్లొస్తాను. పండగ మూడ్రోజులూ మా మేనకోడలింట్లో ఉంటాను. మీ ఇంటోళ్ళందరూ కలుస్తారు, మజ్జిలో నానెందుకు?"

అప్పటికే వెళ్ళి సంచీ తెచ్చుకున్నాడు. విప్పని సంచీ కాబట్టి సర్దుకునే పని కూడా లేదు.

దీవెనమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పొమ్మనలేదు, ఉండమనలేదు. "గులాబీ పువ్వులు కట్టిస్తాను, దార్లో తినండి," అంది. సలోమికి ఆ గొంతు బాగా తెలుసు. తమ్ముడితో మాటపట్టింపు వచ్చిన రోజు దీవెనమ్మ అదే గొంతుతో అన్నం పెట్టింది, తర్వాత పదకొండేళ్ళు అతని గడప తొక్కలేదు. ఈ మూడు రోజులు మూడు నెలలవుతాయి. మూడు నెలల తర్వాత తుని నుంచి ఫోన్లు కూడా తగ్గుతాయి. ఇద్దరూ ఎంతో మర్యాదగా విడిపోతారు, ఎవరూ ఎవర్నీ ఒక్క మాటా అనకుండానే.

"అట్టముక్క మీద కత్తిరించి పెడదాం అత్తయ్యా, ఈ ఏటికి," అంది సలోమి, ఇక ఏం తోచక.

"అట్టముక్క చుట్టాలకి. ఇంటివాళ్ళకి చెక్కే," అంది దీవెనమ్మ, పువ్వులు పొట్లం కడుతూ.

సలోమికి అందరి మీదా కోపమొచ్చింది. పెట్టె మీద, మస్తాన్ మీద, పంతం విడవని అత్తగారి మీద. అందరికన్నా ఎక్కువగా పైడయ్య మీద వచ్చింది. ఈ మనిషి ఈ ఇంట్లో దేనికీ కాదనలేదు. కూరలో ఉప్పు లేకపోతే కాదనలేదు. జూన్ ఎండలో మేడమీద గది ఇస్తే కాదనలేదు. ఇప్పుడు తన బండిని ఏనుగు చేస్తే బాగుందంటున్నాడు. ఇంటివాడైతే ఈపాటికి పెట్టెను ఒక తన్ను తన్ని ఉండేవాడు. యేసుపాదం అయితే తన్నేవాడే, ఒకసారి తన్నాడు కూడా. ఆ తన్నే హక్కు తనకుందని ఈ మనిషికి ఎవరు చెబుతారు? ఎలా చెబుతారు?

"కట్టువేళకు పద్దెనిమిది నిమిషాలు," అంది కూర్పరి. "మాతృక, ద్రాక్షతీగ. సిద్ధంగా ఉంది. పంపమంటారా?"

సలోమి అద్దం ముందు కూర్చుంది. తీగను ఒకసారి పెద్దది చేసి చూసుకుంది. నిజంగానే బాగుంది. ఆ మూడో ఆకు మలుపు కుదరక వేసవిలో రెండు వారాలు నిద్రలేదు. రాజమండ్రిలో కిటికీ పక్కన ఒక కుర్చీని కూడా ఊహించుకుని పెట్టుకుంది. మసి లేని గోళ్ళు, వెనిగర్ వాసన లేని చీర. పెట్టె "సాఫు చేశాం" అనే ముందు తనను అడగాల్సిన రోజు. ఏడాది ఆగాలంటే ఏడుపొచ్చేలా ఉంది. వచ్చే ఏడు ఇంతకన్నా మంచిది ఇంకెవరైనా తెస్తారు, వరస ఎవరి కోసమూ ఆగదు.

వెనక పైడయ్య వంగి చెప్పులు వెతుక్కుంటున్నాడు.

"పంపమంటారా?" అని మళ్ళీ అడిగింది కూర్పరి.

"వద్దు," అంది సలోమి. తీగను పక్కకు తోసేసింది. కాగితం తీసి, మడత సాఫు చేసి, పెట్టె నోట్లో పెట్టింది. "ఇదీ మాతృక."

పచ్చటి వెలుగు మళ్ళీ పాకింది. "ఈ గీతలో అరవై నాలుగు దోషాలున్నాయి."

"తెలుసు."

"మాతృకగా నమోదు చేస్తే మేము దోషాలను ముట్టుకోలేం."

"అదే కావాలి."

"ప్రతి పలకలోనూ ఒకటి కోయవలసి వస్తుంది."

"కొయ్యి."

"వస్తువు?"

"రోడ్ రోలర్."

"బల్ల మీద దీని ఉపయోగం?"

"రోడ్డు వెయ్యడం."

"గీసినవారు?"

"మజ్జి పైడయ్య గారు."

"కోతదారుకు వారితో బంధం?"

"మామగారు," అంది సలోమి, ఈసారి కోపం లేకుండా. గుర్తు మీద వేలు పెట్టి, పెట్టె పలికేదాకా తీయలేదు.

"నమోదైంది. ద్రాక్షతీగ వచ్చే ఏటి వరసలోకి జరిగింది."

రెండు నిమిషాల్లో మస్తాన్ ఫోన్ చేశాడు. "సలోమిగారూ! పొరపాటున నొక్కారాండీ? ఇంకా నాలుగు నిమిషాలుంది, వెనక్కి తీసుకోవచ్చు."

"పొరపాటు కాదండీ."

"ముప్పై ఒక్క వేల ఇళ్ళల్లో క్రిస్మస్ బల్ల మీదకి రోడ్ రోలర్ వస్తుందండీ!"

"రానివ్వండి. మన కాలనీ రోడ్లు చూశారుగా."

"మీ తీగ ఏమవుతుందండీ మరి? ఏడాది పని కదా?"

సలోమి అద్దంలో పక్కకు తోసిన తీగ వైపు చూసింది. "అవునండి, ఏడాది పనే," అని ఫోన్ పెట్టేసింది.

పైడయ్య ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. జరిగింది ఆయనకు సగమే అర్థమైంది. ఆ సగమూ ఆయన్ను ఇబ్బంది పెట్టినట్టుంది. "నా కోసం మీ బొమ్మ మానుకున్నారామ్మా?" అన్నాడు.

"మీ కోసం కాదు. దాని నోరు మూయించడానికి," అంది సలోమి. ఇందులోనూ సగమే నిజం. "ఇలా వచ్చి చూడండి. బస్సుకి ఇంకా టైముంది."

సరిగ్గా నాలుగింటికి కాంతికత్తి వెలిగింది. నాలుగేళ్ళుగా అది స్కేలు పెట్టి గీసినట్టు సూటిగా నడవడమే సలోమి చూసింది. ఇప్పుడు పలక మీద దిగి, అడుగు వేసి, వణికింది. మళ్ళీ అడుగు వేసి మళ్ళీ వణికింది. పెద్ద చక్రం చుట్టూ, కప్పు మీదుగా, గొట్టం పైదాకా, అరవై నాలుగు చోట్ల, ఎక్కడా తగ్గకుండా, ఎక్కడా ఎక్కువ కాకుండా. సన్నటి పొగ పైకి లేచింది. దీవెనమ్మ పొట్లం చేత్తో పట్టుకునే వచ్చి పెట్టె కిటికీ దగ్గర నిలబడింది.

"అచ్చం నా సెయ్యే," అన్నాడు పైడయ్య. "నా సెయ్యే తిరుగుతంది లోపల."

సలోమి పటకారుతో రోలర్‌ను తీసి, మసి తుడిచి ఆయన అరచేతిలో పెట్టింది. వెచ్చగా ఉంది. దాన్ని దీవెనమ్మ తీసుకుని, వెలుతురులో తిప్పి చూసింది. "గొట్టం వంకర," అంది. వెళ్ళి పాకలో మేకకూ పందికీ మధ్య చోటు చేసి నిలబెట్టింది. పాకలో అన్నిటికన్నా పెద్దది అదే. ఒంటెలు కూడా దాని వెనక నక్కినట్టున్నాయి.

పెట్టెలో మాత్రం కాంతికత్తి తిరిగి వెలగలేదు. సలోమి అద్దం వైపు చూసింది. పలక బొమ్మలో రోలర్ పోయిన చోటు చుట్టూ ఆరు పక్కల నక్షత్రాలు దగ్గరికి జరుగుతున్నాయి, వెనక్కి పోతున్నాయి. ఇటు తిరిగి చూశాయి, అటు తిరిగి చూశాయి. ఆ వణుకుల అంచుకు ఏదీ హత్తుకోవడం లేదు. ఎటు సర్దినా రోలర్ పక్కన అరచెయ్యంత సందు మిగులుతోంది. చెక్క మిగలకూడదు. మాతృకను ముట్టుకోకూడదు. కూర్పరి ఆ రెండు నియమాల మధ్య పూర్తి మూడు నిమిషాలు కొట్టుకుంది.

"ఖాళీ మిగిలింది," అంది చివరికి. ఇన్నేళ్ళలో వినని మాట అది, అదీ కట్టువేళ దాటాక. "ఇక్కడ ఏం కోయాలి?"

సలోమి విన్నది నమ్మలేదు. "ఏంటీ?"

"ఇక్కడ ఏం కోయాలి? తెలియదు. చెప్పండి."

పక్కింటి గోడ మీదుగా శేషారత్నం కేక వినిపించింది. ఆవిడకూ ఇంటికోత పెట్టె ఉంది, నోరు అంతకన్నా పెద్దది. "ఏవమ్మోయ్ సలోమీ! మా పలకలోకి రోడ్ రోలర్ వచ్చిందేంటే? పైగా ఇది నన్ను అడుగుతోంది, ఏం కొయ్యాలని! నిన్నటి దాకా నోరెత్తనిచ్చిందా?"

"అయితే చెప్పండి పిన్నిగారూ, మీకేం కావాలో!"

"నాకేం కావాలా?" శేషారత్నం ఆగింది. ఆవిడ ఆగడం కాలనీలో ఎవరూ ఎరగరు. "ఠక్కున అడిగితే ఏం చెప్పనే? ఏమీ గుర్తుకు రావట్లేదు!"

వీధి చివరి ఇళ్ళలోంచి కూడా పెట్టెల గొంతు వినిపిస్తోంది, అదే మర్యాదతో, అదే ప్రశ్న. ఎవరో నవ్వుతున్నారు. ఎవరో లోపలున్నవాళ్ళను కేకేసి పిలుస్తున్నారు. అద్దం మీద మస్తాన్ పేరు వెలిగి ఆరింది, మళ్ళీ వెలిగింది. సలోమి ఎత్తలేదు. ఆమెకు చెప్పడానికి బోలెడున్నాయి. అయిదు కొమ్ముల నక్షత్రం, రెక్కలు చాచిన దేవదూత, మూపురం ఉన్న ఒంటె. ఏది ముందు చెప్పాలో తేల్చుకుని నోరు తెరిచేలోగా పైడయ్య ముందుకొచ్చాడు.

"ఆ సందు అలా వదలకూడదమ్మా," అన్నాడు అద్దం వైపు వేలు చూపించి. "జెండావోడు పడతాడు అక్కడ."

"ఎవరండీ?"

"రోలర్ ఒక్కటీ ఎలాగెల్తాదమ్మా? ముందు ఎర్ర జెండా అట్టుకుని ఒకడు నడవాల. నేకపోతే జనం మీదకెల్లిపోదూ? నా బండి ముందు పదహారేళ్ళు నడిసినాడు బంగారయ్య. ఆడు నేకుండా ఆ బండి గీసీసినాను, బుద్ధి నేక."

సలోమిని లేవమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె లేచింది. పైడయ్య ఆ కుర్చీలో కూర్చుని, భుజాన ఉన్న సంచీ నేల మీద పడేసి, ఆమె పెన్సిలు తీసుకున్నాడు. కాగితం వెనక్కి తిప్పి ఒక సున్నా చుట్టాడు. అది తల కాబోలు. సున్నా పూర్తవడానికే చాలాసేపు పట్టింది. మెయిన్ రోడ్డు మీద నాలుగున్నర బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. దీవెనమ్మ పొట్లం విప్పి, ఒక గులాబీ పువ్వు తీసి ఆయన మోచేతి పక్కన పెట్టింది.

"సమాధానం అందలేదు," అంది కూర్పరి. "అన్ని పలకలూ ఎదురుచూస్తున్నాయి. ఇక్కడ ఏం కోయాలి?"

"ఆగు," అంది సలోమి. "ఆయన గీస్తున్నారు."

"ఎంతసేపు?"

"గీసేదాకా."

అలాంటి కొలత కూర్పరి దగ్గర లేదు. అందరి పలకల కూర్పూ ఒకటే కాబట్టి ఒకచోట ఆగితే అన్నిచోట్లా ఆగాలి. మూడు జిల్లాల్లో ముప్పై ఒక్క వేల కాంతికత్తులు ఆరిపోయి, పైడయ్య చెయ్యి జెండా కర్ర దాకా రావడం కోసం ఆగాయి.